ఫారం సాల్మన్ తప్పించుకుని నదిలో నాటు సాల్మన్‌తో కలిస్తే పుట్టే పిల్లల సంగతేంటి?

సియాటిల్_చినుకు · శనివారం రాత్రి 9:12

మొన్న పిల్లల్ని తీసుకుని ఇసాక్వా హేచరీకి వెళ్ళాం. అక్టోబరు కదా, వాగు నిండా సాల్మన్ ఎదురెక్కుతున్నాయి, ఒడ్డున పుష్కరాల జనం లెక్కన మనుషులు. అక్కడొక వాలంటీర్ పెద్దాయన 2017 ఆగస్టులో ఇక్కడికి ఉత్తరాన సైప్రస్ ఐలాండ్ దగ్గర సముద్రంలో వలల పంజరాలు కూలిపోయి దాదాపు రెండున్నర లక్షల ఫారం సాల్మన్ బయటికి పోయిన కథ చెప్పాడు. ఆ దెబ్బకి మరుసటి ఏడాది వాషింగ్టన్ రాష్ట్రం అట్లాంటిక్ సాల్మన్ పెంపకాన్నే ఆపించే చట్టం చేసింది. "నార్వే వాళ్ళ కష్టం మాకు రాకూడదనే" అన్నాడాయన. ఏంటా కష్టం అంటే, తప్పించుకున్నవి నదుల్లోకి వెళ్ళి అక్కడి నాటు సాల్మన్‌తో కలుస్తాయి, పిల్లలు పాడవుతాయి అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

నాకు ఎక్కలేదు. ఫారం చేప తొందరగా పెరుగుతుంది కదా, దాని పిల్లకి కూడా ఆ గుణం వస్తుంది. నాటు చేపకి కాస్త ఆ రక్తం కలిస్తే నష్టమేంటి? వరిలో, మొక్కజొన్నలో హైబ్రిడ్ విత్తనం కోసం డబ్బు పెట్టి మరీ కొంటాం. చేపలో అయితే ఎందుకు చెడ్డది? తెలిసినవాళ్ళు చెప్పండి, లెక్కలతో చెబితే ఇంకా మంచిది.

చేపలపులుసు_99 · శనివారం రాత్రి 9:30

నష్టమేంటంటే పులుసులో ముక్క విరిగిపోద్ది. 😀 జోకు సరే, నాక్కూడా తెలుసుకోవాలనుంది. ఫాలోయింగ్.

ఫ్యోర్డ్_లక్ష్మి · శనివారం రాత్రి 11:48

నేను నార్వేలోని బెర్గెన్‌లో ఉంటాను, చేపల జన్యువుల ల్యాబులో పని. ఇక్కడిప్పుడు ఆదివారం ఉదయం, కాఫీ చేతిలో ఉంది, కాబట్టి పెద్ద పోస్టే పెడుతున్నా, ఓపిక చేసుకోండి.

ముందు సియాటిల్ సంగతి. అక్కడ పారిపోయినవి అట్లాంటిక్ సాల్మన్. మీ వాగుల్లో ఎదురెక్కే చినూక్, కోహో, సాకై లాంటివి పసిఫిక్ సాల్మన్. పేరు ఒకటే గానీ ప్రజాతే వేరు, వాటి మధ్య బతికి బట్టకట్టే సంతానం పుట్టదు. కాబట్టి మీ దగ్గర భయం సంకరం గురించి కాదు, రోగాలు, తిండికి పోటీ వగైరా. సంకరం సమస్య అసలు ఉన్నది అట్లాంటిక్ సాల్మన్ సొంత ఊళ్ళలో: నార్వే, స్కాట్లండ్, ఐర్లండ్, ఐస్‌లాండ్, కెనడా తూర్పు తీరం. అక్కడ పంజరంలో ఉన్నదీ నదిలో ఉన్నదీ ఒకే జాతి.

ఒకే జాతి అయితే తేడా ఎక్కడ్నుంచి వచ్చింది అంటారా. నార్వేలో 1970ల మొదట్లో దాదాపు 40 నదుల నుంచి చేపలు తెచ్చి ఎంపిక పెంపకం మొదలుపెట్టారు. ప్రతి తరంలో తొందరగా పెరిగిన వాటినే తల్లిచేపలుగా ఉంచారు. తర్వాత ఆలస్యంగా గుడ్లకొచ్చేవి, రోగానికి తట్టుకునేవి, కండ రంగు బాగున్నవి. పది పన్నెండు తరాలు దాటిపోయింది. ఇప్పుడు నది పిల్లనీ ఫారం పిల్లనీ ఒకే తొట్టిలో వేసి కడుపునిండా మేత పెడితే ఫారంది రెండు మూడు రెట్లు ఎక్కువ బరువు తూగుతుంది.

కానీ అవే రెండింటినీ నదిలో వదలండి, ఆ తేడా చాలావరకు మాయం. నదిలో మేత ఎవరూ చల్లరు కదా! పురుగు దొరికితే తినాలి, లేకపోతే పస్తు. ఫారం పిల్లకి ఆకలి మాత్రం అలాగే ఉంటుంది. అది తిండి కోసం బయటికొస్తుంది, ఎక్కువసేపు తిరుగుతుంది, నీడ కదిలితే దాక్కోవడం తక్కువ, దాక్కున్నా తొందరగా మళ్ళీ బయటికొస్తుంది. పైన కొంగో బాతో, కింద పెద్ద ట్రౌటో కాచుకుని ఉంటాయి. తొట్టిలో ఈ తెగింపుకి బహుమతి, నదిలో చావు. తొట్టిలో డజను తరాలు ఏ కొంగనీ చూడలేదు మరి.

వరి హైబ్రిడ్ పోలిక ఇక్కడ ఎందుకు కుదరదంటే, హైబ్రిడ్ వరిని పొలంలో వేసి నీళ్ళు, ఎరువు, మందు అన్నీ మనమే చూసుకుంటాం, మళ్ళీ ఏడాది కొత్త విత్తనం కొంటాం. నది సాల్మన్‌కి ఆ సౌకర్యం లేదు, దాని పంట గింజే దాని విత్తనం.

కైకలూరు_చెరువుగట్టు · ఆదివారం ఉదయం 6:20

లక్ష్మి గారూ బాగా చెప్పారండి. మాకైతే ఒక్క మాటలో అర్థమయ్యే సంగతే. బ్రాయిలర్ పుంజుని నాటు పెట్టమీద వేసి, ఆ పిల్లల్ని పెరట్లో వదిలేసి చూడండి. గద్ద వస్తే నాటు పిల్ల తల్లి అరుపుకే కంచె కిందకి దూరుతుంది, ఇది తల పైకెత్తి చూస్తా నించుంటుంది. మా నాన్నగారు ఒకసారి సరదాకి అలా చేశారు, పది పిల్లల్లో దసరాకి మిగిలింది రెండే. ఆ రెండూ కూడా గింజలు వేసే చెయ్యి చూసి వచ్చేవి గానీ వాటంతట అవి గీరుకుని తినడం సరిగ్గా రాలేదు.

నేను పాతికేళ్ళుగా బొచ్చె, శీలావతి వేస్తున్నాను. సీడు కొనేటప్పుడు మేం చూసేది ఒక్కటే, పెరుగుదల. చెరువులో బతకడానికి పనికొచ్చేది ఏటిలో బతకడానికి పనికొస్తుందని ఎవరన్నారు?

వాదన_వెంకట్రావు · ఆదివారం ఉదయం 8:05

కోళ్ళ కథలు బాగున్నాయి గానీ, నాకొక సూటి ప్రశ్న. ఫారం రక్తం ఉన్న పిల్లలు నదిలో బతకలేవు అని మీరే అంటున్నారు. బతకకపోతే ఆ జన్యువులు వాటంతటవే పోతాయి. ప్రకృతి ఏరిపారేస్తుంది, నాలుగైదు తరాల్లో నది మళ్ళీ శుభ్రం. మరి సమస్య ఎక్కడుంది? రెండూ ఒకేసారి చెప్పకూడదు కదా, పిల్లలు చచ్చిపోతాయనీ, జన్యువులు పాకిపోతాయనీ. ఏదో ఒకటి అవ్వాలి.

ఇంకోటి, "లెక్కలతో" అని అడిగారు, ఇంతవరకు నదిలో చేసిన ప్రయోగం ఒక్కటీ కనపడలేదు.

ఫ్యోర్డ్_లక్ష్మి · ఆదివారం మధ్యాహ్నం 1:15

వెంకట్రావు గారూ, మంచి ప్రశ్న, నిజంగా. ఇదే ప్రశ్నకి జవాబు వెతకడానికి మనుషులు పదేళ్ళు ఒక వాగు ఒడ్డున కూర్చున్నారు.

ఐర్లండ్ పడమటి తీరం, మేయో కౌంటీలో బర్రిషూల్ అని ఒక నదీ వ్యవస్థ. అక్కడి ఒక ఉపనదిలో గులకరాళ్ళ మధ్య రకరకాల సంబంధాల గుడ్లు పాతిపెట్టారు: నాటు × నాటు, ఫారం × ఫారం, నాటు × ఫారం, ఆ సంకరాన్ని మళ్ళీ నాటుతో కలిపినవి, సంకరం × సంకరం, అలా రెండు తరాలు. కింద ఒక ఉచ్చు పెట్టి దిగివచ్చే ప్రతి పిల్లనీ డీఎన్ఏతో ఇది ఎవరి పిల్లో గుర్తుపట్టారు. ఫలితం 2003లో వచ్చింది. గుడ్డు నుంచి సముద్రం వెళ్ళి తిరిగొచ్చి మళ్ళీ గుడ్లు పెట్టేదాకా మొత్తం లెక్క చూస్తే, నాటు చేప 100 అనుకుంటే పూర్తి ఫారం సంతానం 2. అవును, రెండే. మూడొంతులు నాటు రక్తం ఉన్నది 89. మిగతా సంకరాలన్నీ ఆ మధ్యలో. అంటే ఫారం రక్తం ఎంత పెరిగితే బతుకు అంత తగ్గుతోంది, మెట్లు మెట్లుగా.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. ఆ ఫారం పిల్లలు, సంకరం పిల్లలు చచ్చేలోపు ఊరికే లేవు. ముందు నాళ్ళలో అవి కాస్త పెద్దగా ఉన్నాయి, దూకుడుగా ఉన్నాయి. సాల్మన్ పిల్ల నదిలో ఒక ఏడాది నుంచి నాలుగైదేళ్ళ దాకా ఉంటుంది. ఆ దశలో ప్రతి పిల్లకీ ఒక రాయి, రాయి వెనక కొంచెం నీడ, ముందు కొట్టుకొచ్చే పురుగులు, అదే దాని కమతం. ఫారం పిల్లలు నాటు పిల్లల్ని ఆ కమతాల నుంచి తోసేశాయి. తోసేయబడ్డవి కిందకి పోయాయి. కింద చోటుంటే బతుకుతాయి, లేకపోతే లేదు. తోసినవి తర్వాత సముద్రంలోనో, కొంగ నోట్లోనో పోయాయి. చివరికి ఆ రాయి ఖాళీ.

కాబట్టి ఏదో ఒకటే అవ్వాలని లేదండీ, వరసగా రెండూ అవుతాయి.

నార్వేలో ఇంసా అనే చిన్న నదిలో ఇంకో ప్రయోగం, 2000లో అచ్చయింది. అక్కడ గుడ్లు పాతిపెట్టలేదు, పెద్ద చేపల్నే వదిలి వాటంతట అవే జత కట్టనిచ్చారు. ఫారం చేపల జీవితకాల సంతానోత్పత్తి నాటువాటిలో 16 శాతం. ఇంత తక్కువ కదా, ఏం చేస్తాయిలే అనిపిస్తుంది. కానీ నది నుంచి సముద్రానికి వెళ్ళే పిల్లల సంఖ్య, అంటే స్మోల్ట్‌లు, ఉండాల్సిన దానికంటే 30 శాతానికి పైగా తగ్గిపోయింది. నదికి అద్దె కట్టని వాళ్ళు కొన్నాళ్ళున్నా ఇల్లు ఇల్లంతా పాడుచేసినట్టు.

చేపలపులుసు_99 · ఆదివారం మధ్యాహ్నం 1:40

"నదికి అద్దె కట్టని వాళ్ళు" 👏 మా పాత టెనెంట్ గుర్తొచ్చాడు.

సెయింట్‌జాన్స్_సుధ · ఆదివారం రాత్రి 8:33

నేను కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో చదువుకుంటున్నాను, బయాలజీయే కానీ చేపలు నా సబ్జెక్టు కాదు. ఇక్కడ జరిగింది చెబుతా ఎందుకంటే అది ప్రయోగం కాదు, ప్రమాదం.

2013 సెప్టెంబరులో దక్షిణ తీరంలో హెర్మిటేజ్ బే దగ్గర ఒక్క ఘటనలో దాదాపు 20 వేల ఫారం సాల్మన్ తప్పించుకున్నాయి. మరుసటి ఏడాది నదుల్లో పుట్టిన పిల్లల్ని పట్టి డీఎన్ఏ చూశారు. 18 నదులు చూస్తే 17 నదుల్లో సంకరం పిల్లలు దొరికాయి. మొత్తం పరీక్షించిన పిల్లల్లో నాలుగో వంతుకి పైగా, 27 శాతం దాకా, సంకరమే. ఒక్క ప్రమాదం! చిన్న నదుల్లో, నాటు చేపలు అసలే తక్కువున్న చోట, ఈ వాటా ఇంకా ఎక్కువ. తర్వాత అవే పిల్లల్ని వెంబడించి చూస్తే నాటు వాటికంటే బతికే వాటా తక్కువగా ఉందని తేలింది, అంటే ఐర్లండ్‌లో చూసిందే ఇక్కడా.

ఇక్కడ ఊళ్ళలో మాట్లాడితే రెండు రకాల మనుషులు. ఒకళ్ళకి 1992లో కాడ్ చేపల వేట ఆపేశాక ఫారాలే దిక్కు, ఉద్యోగం అదే. ఇంకొకళ్ళు నదిలో గాలం వేసేవాళ్ళు, వాళ్ళకి ఫారం పేరెత్తితే మంట. ఇద్దరి బాధా నిజమే, నాకైతే ఎవర్నీ తిట్టబుద్ధి కాలేదు.

వాదన_వెంకట్రావు · ఆదివారం రాత్రి 9:50

సరే, లెక్కలు వచ్చాయి, ఒప్పుకుంటా. కానీ నా మొదటి పాయింటు ఇంకా నిలబడే ఉంది. 27 శాతం పుట్టాయి, చచ్చాయి. నది రెండేళ్ళు దెబ్బతింది, తర్వాత కోలుకుంటుంది. జన్యువులు మిగలవు కదా? మిగిలితే చూపించండి.

ఫ్యోర్డ్_లక్ష్మి · సోమవారం ఉదయం 11:20

చూపిస్తా. 😊

2016లో నార్వే అంతటా పెద్ద సర్వే వచ్చింది. మంచి శాంపిల్ ఉన్న 109 నదుల్లో పెద్ద చేపల్ని చూస్తే ఫారం జన్యువుల వాటా సగటున 6.4 శాతం. కొన్నింటిలో సున్నా, ఒకచోట 42 శాతం. 51 నదుల్లో పాత శాంపిళ్ళతో పోల్చితే ఖచ్చితంగా కలిసిపోయినట్టు తేలింది. అవి సముద్రం వెళ్ళి బతికి తిరిగొచ్చిన పెద్ద చేపలు, గుర్తుంచుకోండి, చచ్చే పిల్లలు కావు.

ఎందుకు మిగులుతున్నాయి అంటే మూడు సంగతులు. ఒకటి, ఏరిపారేయడం నెమ్మది. సంకరం పిల్లకి నాటు రక్తం సగం ఉంటుంది, దాని పిల్లకి ముప్పావు, అలా పలచబడేకొద్దీ నష్టం తగ్గుతుంది, నష్టం తగ్గితే ఏరడం కష్టం. రెండు, మీరు ఒక్కసారి జరిగిన ప్రమాదం లెక్క వేస్తున్నారు. నార్వే పంజరాల్లో ఏ రోజు చూసినా దాదాపు 40 కోట్ల సాల్మన్ ఉంటాయి, సముద్రం నుంచి నదులకి తిరిగొచ్చే నాటువి ఏడాదికి ఐదు లక్షలకు అటూఇటూ ఉండేవి, ఈమధ్య అంతకంటే తగ్గాయి. వల చిరిగో, తుఫానుకో, పడవ తగిలో ప్రతి ఏడాదీ కొన్ని పోతూనే ఉంటాయి. గది ఊడుస్తుంటే కిటికీలోంచి దుమ్ము వస్తూనే ఉంది, ఎప్పుడు శుభ్రమయ్యేట్టు?

మూడోది నాకు చాలా ఇష్టమైన సంగతి, ఇష్టం అనకూడదేమో. ఫారం మగచేప నదిలో జత కట్టడంలో దాదాపు పూర్తిగా ఓడిపోతుంది, ప్రయోగాల్లో నాటు మగవాటితో పోల్చితే 1 నుంచి 3 శాతం. దానికి పోట్లాట తెలీదు, ఆడచేప దగ్గర ఎక్కడ నిలబడాలో తెలీదు. కాబట్టి రక్తం ఎక్కువగా వచ్చేది ఫారం ఆడచేపల ద్వారా. కానీ ఆ ఆడచేపకి నదిలో పుట్టిన మగపిల్ల ఉంది చూశారా, అది వేరు. సాల్మన్‌లో కొన్ని మగపిల్లలు సముద్రానికి వెళ్ళకుండానే, అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడే పెద్దవైపోతాయి. పెద్ద చేపలు జత కట్టే సమయంలో చాటుగా దూరి వీర్యం వదిలి పారిపోతాయి. దొంగపెళ్ళి అనుకోండి. ఫారం రక్తం ఉన్న ఇలాంటి చిన్న మగపిల్లలు ఈ దొంగపెళ్ళిలో నాటువాటికంటే ముందుంటాయని 2003లో ఒక ప్రయోగంలో తేలింది. తండ్రి గెలవలేని ఆట కొడుకు గెలుస్తున్నాడు. సముద్రంలో చచ్చిపోయే అవకాశం ఎక్కువున్నా, సముద్రానికి వెళ్ళకముందే జన్యువు దాటిపోతుంది.

కైకలూరు_చెరువుగట్టు · సోమవారం ఉదయం 11:41

దొంగపెళ్ళి 😂😂 మా హేచరీ కుర్రాడికి చదివి వినిపించాను, పని మానేసి నవ్వుతున్నాడు.

చేపలపులుసు_99 · సోమవారం మధ్యాహ్నం 12:10

అన్నీ బాగానే ఉన్నాయి, సామాన్యుడి ప్రశ్న. హైదరాబాద్‌లో మాల్‌లో కొనే సాల్మన్ ఇదేనా? తినొచ్చా? దానికీ "ఇండియన్ సాల్మన్" అని అమ్మేదానికీ తేడా ఏంటి, రేటు సగం కూడా లేదు.

ఫ్యోర్డ్_లక్ష్మి · సోమవారం మధ్యాహ్నం 12:35

మాల్‌లో నార్వే సాల్మన్ అని ఉంటే అది పంజరంలో పెంచిందే. తినడానికి ఏ ఇబ్బందీ లేదు, నేనూ తింటాను, ఈ గొడవంతా నదిలో చేపకి గానీ మీ కంచానికి కాదు.

కైకలూరు_చెరువుగట్టు · సోమవారం మధ్యాహ్నం 12:50

ఇండియన్ సాల్మన్ అంటే మన మాగ చేపండీ. సాల్మన్‌కీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, అమ్మేవాడి తెలివి అంతే. రుచి మాత్రం మాగదే, నాతో ఎవరన్నా వాదించండి చూద్దాం.

ఇంకో సంగతి, ఈ నార్వే వాళ్ళ ఎంపిక పెంపకం మనింటికి కూడా వచ్చిందని చాలామందికి తెలీదు. జయంతి రోహు అంటారే, ఆ శీలావతి రకం భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో మన మంచినీటి చేపల సంస్థ, నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1992లో మొదలుపెట్టి తయారుచేసిందే. గంగ, యమున, బ్రహ్మపుత్ర లాంటి ఏళ్ళ నుంచి చేపలు తెచ్చి ఎంపిక చేసుకుంటూ పోయారు. తరానికి 17 శాతం దాకా పెరుగుదల పెరిగిందంటారు. సాల్మన్‌లో నేర్చిన పద్ధతే. రైతుగా నాకది లాభమే, కాదనను.

కానీ మా సైడు లోపం మా సైడుది. చాలా హేచరీల్లో ఒకే కొలనులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అన్నిటికీ కలిపి ఇంజక్షన్ చేసి వదిలేస్తారు. సంకరం పిల్లలు పుడతాయి. తల బొచ్చెది, ఒళ్ళు శీలావతిది. ఒకసారి నేను తెచ్చిన సీడులో బోలెడు అలాంటివే, అమ్మినవాడిని అడిగితే "ఇది కొత్త వెరైటీ" అన్నాడు, ఎవరో చెప్పను. ఇక వర్షాకాలంలో వరదొచ్చి గట్టు తెగిందంటే చెరువులో ఉన్నదంతా కొల్లేట్లోకే. అప్పుడు నా నష్టం గురించి ఏడ్చాను తప్ప, కొల్లేట్లో ఉన్న చేప గురించి ఆలోచించలేదు. ఈ థ్రెడ్ చదివాక మొదటిసారి ఆలోచిస్తున్నా.

మోడరేటర్ · సోమవారం మధ్యాహ్నం 2:00

మాగ వర్సెస్ పులస వాదన మొదలుపెట్టిన నాలుగు పోస్టులు వంటల విభాగానికి పంపించాం. ఇక్కడ సాల్మన్ పిల్లల గురించే మాట్లాడండి.

సియాటిల్_చినుకు · సోమవారం రాత్రి 8:18

అడిగినవాడిని మాయమైపోయా, సారీ, ఆఫీసు టెన్షన్. మొత్తం కూర్చుని చదివా. ఒక కొత్త డౌటు వచ్చింది. మా ఇసాక్వా హేచరీ కూడా పిల్లల్ని పెంచి వదిలేదే కదా, అమ్మకానికి కాదు, వాగులో చేపలు పెరగాలని. గాలం వేసేవాళ్ళకి ఇక్కడ ఒక రూలుంది, వెనక చిన్న రెక్క కత్తిరించి ఉంటే హేచరీ చేప, చాలా చోట్ల అదే ఇంటికి తీసుకెళ్ళాలి, రెక్క ఉంటే నాటుది, వదిలేయాలి. మరి ఈ హేచరీ చేపలు మిగిలిపోయి నాటువాటితో కలిస్తే అదే గొడవ కదా? ఇక్కడైతే జాతి ఒకటే.

ఫ్యోర్డ్_లక్ష్మి · సోమవారం రాత్రి 11:02

సరిగ్గా పట్టుకున్నారు. ఒరెగాన్‌లో హుడ్ నది ఉంది కదా, మీకు దగ్గరే. అక్కడి స్టీల్‌హెడ్ (సాల్మన్‌లాగే సముద్రానికి వెళ్ళి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్) మీద 2007లో ఒక ప్రసిద్ధ పరిశోధన వచ్చింది. అవి మాంసం కోసం పెంచిన రకం కాదు, నది చేపల గుడ్లే తీసుకుని హేచరీలో పెంచి వదిలినవి. అయినా హేచరీలో గడిపిన ఒక్కో తరానికి నదిలో సంతానోత్పత్తి సామర్థ్యం దాదాపు 40 శాతం తగ్గుతోందని తేలింది. ఎవరూ కావాలని ఎంపిక చేయలేదు, తొట్టే ఎంపిక చేసింది. తొట్టిలో బతికినవే పెద్దవవుతాయి, తొట్టికి నప్పినవే బతుకుతాయి. ఒక తరం తొట్టే ఇంత చేస్తే డజను తరాల గట్టి ఎంపిక ఏం చేస్తుందో చూసుకోండి.

వాదన_వెంకట్రావు · మంగళవారం ఉదయం 7:30

సరే, నేను తగ్గుతున్నా. దొంగపెళ్ళి పాయింటు దగ్గరే తగ్గాను నిజానికి, చెప్పడానికి అహం అడ్డొచ్చింది.

మరి పరిష్కారం? ఫారాలు మూసేయమంటే అవ్వదు. ఏటా పదిహేను లక్షల టన్నుల చేప తీస్తున్న దేశం ఎందుకు మూస్తుంది. పట్టుకుని తీసేయొచ్చా? పంజరంలో పెరిగిన చేప అని నదిలో ఎలా తెలుస్తుంది?

ఫ్యోర్డ్_లక్ష్మి · మంగళవారం సాయంత్రం 6:10

కొంత చూపుకే తెలుస్తుంది: రెక్కల చివర్లు అరిగి ఉంటాయి, ఒళ్ళు లావు, తోక పొట్టి. కానీ చిన్నప్పుడే తప్పించుకుంటే సముద్రంలో తిరిగి తిరిగి నాటుదానిలా అయిపోతుంది. అప్పుడు పొలుసు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తాం. చెట్టు మొద్దులో వలయాల్లాగే పొలుసులో కూడా ఉంటాయి. నది చేపకి మొదటి ఏళ్ళ వలయాలు దగ్గర దగ్గరగా, చలికాలం ఇరుకుగా, వేసవి కాస్త వెడల్పుగా. ఫారం చేపకి మేత ఎప్పుడూ ఉంది కాబట్టి అంతా సమంగా, నున్నగా. నేను మొదట చేరినప్పుడు ఇదే పని, రోజంతా పొలుసులే, రాత్రి కలలో కూడా.

కానీ పొలుసుతో తెలిసేది పారిపోయిన చేపే. దాని పిల్ల నదిలోనే పుట్టింది, నది చేపలాగే చలికాలాలు చూసింది, పొలుసు కూడా నాటుదే. దానికి డీఎన్ఏ తప్ప దారిలేదు. అందుకే పిల్లలు పుట్టకముందే తల్లిని పట్టుకోవాలి. నార్వేలోని ఎట్నే నదిలో 2013 నుంచి అడ్డంగా ఉచ్చు పెట్టి ఎక్కే ప్రతి చేపనీ చూసి ఫారంది అయితే తీసేస్తున్నారు. 2015 నుంచి ఇలా తీసేసే ఖర్చు పరిశ్రమే భరించాలని నిబంధన కూడా పెట్టారు. కొన్ని నదుల్లో మనుషులు స్నార్కెల్ వేసుకుని ఈదుతూ ఈటెతో పొడిచి తీస్తారు. ఐస్‌లాండ్‌లో 2023 ఆగస్టులో ఒక పంజరానికి రంధ్రం పడి సుమారు 3,500 పోతే, నార్వే నుంచి ఇలాంటి ఈతగాళ్ళనే పిలిపించుకున్నారు. అప్పటికే అవి గుడ్లకొచ్చే స్థితిలో ఉన్నాయి, అందుకే అంత కంగారు.

పూర్తి మందు అయితే గొడ్డు చేప. గుడ్డుకి ఒత్తిడి పెట్టి ప్రతి క్రోమోజోమూ రెండుకి బదులు మూడేసి ఉండేలా చేస్తే, ఆ చేపకి పిల్లలు పుట్టవు, కానీ ఆ చేపలు వేడికి, రోగానికి తట్టుకోలేక అవస్థ పడుతుంటే నార్వేలో పక్కన పెట్టారు. బెర్గెన్‌లోనే ఒక జన్యువుని ఆపేసి బీజకణాలే లేని సాల్మన్‌ని తయారుచేశారు, 2016లో అచ్చయింది, అది ఇంకా ల్యాబులోనే ఉంది. నేల మీద తొట్లలో పెంచడం ఇంకోటి, కరెంటు బిల్లు చూస్తే వాళ్ళకి గుండె ఆగుతుంది.

నా సొంత అభిప్రాయం అడిగితే, ఈటెలు పట్టుకుని ఈదడం చూడ్డానికి వీరోచితంగా ఉంటుంది గానీ తెగిన గట్టుకి చెంచాతో మట్టి వేసినట్టే. 2024 జూన్‌లో చేపలు రాక నార్వేలో 33 నదుల్లో వేట మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. దానికి సముద్రం వేడి, చేప ఒంటికి పట్టే సముద్రపు పేలు, ఇంకా చాలా కారణాలున్నాయి, అన్నీ సంకరం మీదకే నెట్టకూడదు. కానీ వెయ్యి చేపలు వచ్చే నదిలో యాభై ఫారంవి కలిస్తే ఒక లెక్క, వంద వచ్చే నదిలో అవే యాభై కలిస్తే ఇంకో లెక్క.

సియాటిల్_చినుకు · మంగళవారం రాత్రి 9:25

ఇదంతా మా పాపకి తెలుగులోనే చెప్పా, ఏడేళ్ళు. అంతా విని ఒకటే అడిగింది. "సాల్మన్ పుట్టిన చోటికే వెళ్తుంది కదా డాడీ, మరి ఫారం ఫిష్ ఎక్కడికి వెళ్తుంది?" నా దగ్గర జవాబు లేదు. లక్ష్మి గారూ?

ఫ్యోర్డ్_లక్ష్మి · బుధవారం ఉదయం 10:05

పాపకి నా తరఫున ఒక ముద్దు. సాల్మన్ పిల్ల సముద్రానికి దిగే ముందు తన నది నీళ్ళ వాసన గుర్తుపెట్టుకుంటుంది, పెద్దయ్యాక ఆ వాసన పట్టుకునే వస్తుంది. ఫారం చేపకి అలా గుర్తుపెట్టుకోవడానికి నది లేదు, హేచరీ తొట్టె, తర్వాత పంజరం. అందుకే గుడ్లకొచ్చే సమయానికి ఒంట్లో తొందర ఉంటుంది గానీ దారి ఉండదు, దగ్గర్లో ఏ నది తగిలితే అందులోకి ఎక్కుతుంది, ఒక్కోసారి చాలా దూరం వెళ్ళి కూడా.

కానీ అది ఆ నదిలో గుడ్లు పెడితే, ఆ పిల్లలకి ఆ నదే ఊరు. సముద్రంలో బతికినవి సరిగ్గా అక్కడికే తిరిగొస్తాయి, నాటు చేపలాగే.

సియాటిల్_చినుకు · బుధవారం ఉదయం 10:40

చెప్పాను. "అయితే వాటిని పంపించేయలేం" అంది. వచ్చే శనివారం మళ్ళీ హేచరీకి వెళ్ళాలట, ఈసారి రెక్కలు లెక్కపెడుతుందట. ఫొటోలు పెడతా.